ఊదకూడదు

"ముట్టుకోకు వదినా! నిన్న ముట్టుకున్నది చాలు."

కూతురు అడ్డంగా నిలబడేసరికి కోడలి చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఆ చేతికి ఇంకా రబ్బరు తొడుగు ఉంది. ముందుగది క్లినిక్‌లో ఎవరిచేతో నోరు తెరిపించి, అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చినట్టుంది. మాస్కు గడ్డం కిందికి జారి వేలాడుతోంది.

వెనక గదిలో, నగల పనిబల్ల ముందు, తన పొట్టి పీట మీద కూర్చుని ఉన్నాడు పెద్దాయన. ఆయన మొహంలో ఎడమ సగం ఆయనదే. కుడి సగం ఎవరిదో. దవడా చెంపా కలిసి ఒక్కటైపోయాయి. కన్ను సన్నటి గీతయింది. మెడ మీది ముడతలన్నీ సాఫీ అయిపోయి, అరవయ్యెనిమిదేళ్ళ మనిషికి ఒక పక్క మెడ పసిపిల్లాడి మెడలా ఉంది.

"ఎనిమిదింటికి బాగానే ఉన్నారు," అంది అత్తగారు. "తొమ్మిదికి కాస్త ఊదినట్టనిపించింది. పది కొట్టేసరికి ఇదిగో, ఇంత ఊదింది. ఏం చేశావమ్మా ఆయన్ని?"

ఆ 'అమ్మా'లో తల్లితనం ఏమీ లేదు. అత్తగారికి కోపం వస్తే ముందు గిన్నెలకు తెలుస్తుంది, తర్వాత గోడలకు, ఆఖరికి మనుషులకు. ఇవాళ గిన్నెల దాకా వెళ్ళే తీరిక లేకపోయింది.

కోడలు తొడుగులు లాగేసి పనిబల్ల మీద పడేసింది. ఆడపడుచు భుజం పట్టుకుని పక్కకి జరిపింది. ఐదేళ్ళ కాపురంలో ఆ పిల్ల ఒకరిని పక్కకి నెట్టడం అత్తగారు చూడలేదు. నెట్టించుకున్న కూతురు కూడా నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"నొప్పిగా ఉందా మామయ్యా?"

పెద్దాయన లేదన్నట్టు తలూపాడు.

"కొంచెం కూడా?"

మళ్ళీ అలాగే తలూపాడు. నొప్పి లేదంటే సంతోషించాల్సింది పోయి, కోడలు పెదవి కొరుక్కుంది. రెండు వేళ్ళు చెంప మీద ఆనించి మెల్లగా నొక్కింది. దవడ మీద నొక్కింది. మెడ మీద నొక్కింది. వేళ్ళు కిందికి దిగుతున్నకొద్దీ ఆమె మొహంలో రంగు కూడా దిగిపోతోంది.

"అత్తయ్యా, మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

"నా చెయ్యెందుకు?"

"ఇవ్వండి."

అత్తగారి వేళ్ళు భర్త చెంప మీద పెట్టి పైనుంచి తన వేళ్ళతో ఒత్తింది. చర్మం కింద ఏదో చిటచిటలాడింది. ఆ ఇంట్లో నగలు చుట్టిచ్చే గులాబిరంగు పల్చటి కాగితం ఉంటుందే, దాన్ని గుప్పిట్లో నలిపినట్టు. నలభయ్యేడేళ్ళుగా తెలిసిన చెంప. అత్తగారు కాలినట్టు చెయ్యి లాగేసుకుంది.

"ఏమిటిది?"

"గాలి," అంది కోడలు.

"గాలా?" కూతురికి నోరు తిరిగొచ్చింది. "మా నాన్నకి గాలి సోకిందంటావా? ఇన్నేళ్ళు డాక్టరు చదువు చదివి చెప్పే మాట ఇదా?"

"సోకిన గాలి కాదు. చర్మం కింద చేరిన గాలి. చీము పడితే వేడిగా ఉంటుంది, నొప్పిగా ఉంటుంది. మందు పడకపోతే దురద ఉంటుంది, రెండు పక్కలా వాస్తుంది. ఇది అదేం కాదు. పన్ను తీసిన చోటునుంచి గాలి లోపలికి వెళ్ళి చర్మాన్ని పైకి లేపింది."

"వెళ్ళింది, వెళ్ళిందంటావేం?" అన్నాడు కొడుకు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి, తండ్రి మొహాన్నీ భార్య మొహాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. "దానంతటది వెళ్తుందా? ఎవరు పంపించారు?"

కోడలు కాసేపు ఆగింది. అబద్ధం వెతుక్కునేవాళ్ళు అలా ఆగరు. నిజాన్ని ఎలా చెబితే తక్కువ తగులుతుందా అని చూసుకునేవాళ్ళు ఆగుతారు.

"జ్ఞానదంతం ఎముకలో ఇరుక్కుపోయింది. కాస్త ఎముక కొయ్యాల్సి వచ్చింది. అలా కొయ్యడానికి గాలి రాని మెషీన్ వేరే ఉంటుంది. మనది రిపేర్లో ఉంది. అందుకని మామూలు డ్రిల్లుతో కోశాను. దాని ముందు నుంచి గాలి వస్తుంది. అదే వెళ్ళి ఉండొచ్చు. వారం ఆగాల్సింది నేను. మామయ్య బాధ చూడలేక..."

"ఒప్పుకుంది!" కూతురు చప్పట్లు చరిచినంత పని చేసింది. "విన్నావా అన్నయ్యా? తనే ఒప్పుకుంది. విన్నావా అమ్మా?"

అన్నయ్య విన్నాడు. కానీ వినడంతోనే ఆయనగారి పని అయిపోయింది. కట్టుకున్నది ఒక పక్క, కన్నవాళ్ళు ఒక పక్క. ఇలాంటప్పుడు నీళ్ళు నమలడంలో వాడికి వాడే సాటి.

అత్తగారికి మాత్రం ఆ మాట లోపల ఎక్కడో చల్లగా తగిలింది. తప్పు ఎవరిదో తేలిపోతే కోపానికి ఒక చోటు దొరుకుతుంది. కోపం ఉన్నంతసేపూ భయం పక్కకి తప్పుకుని కూర్చుంటుంది.

"మూడేళ్ళ కిందట నీకోసం ముందుగది ఖాళీ చేయించింది ఆయన," అంది. "నీ కుర్చీలో మొట్టమొదట కూర్చుంది ఆయన. నీ మీద నమ్మకంతో నోరు తెరిచినందుకు..."

"అత్తయ్యా, అవన్నీ తర్వాత అనండి. అన్నీ పడతాను. ముందు ఇది చెప్పండి. నిన్న సాయంత్రం నేను చూసినప్పుడు అంత వాపేమీ లేదు. తర్వాత ఏమైనా జరిగిందా? మామయ్యా, ముక్కు గట్టిగా చీదారా? నోరు మూసుకుని తుమ్మారా?"

పెద్దాయన అన్నిటికీ అడ్డంగానే తలూపాడు.

"నువ్విచ్చిన కాగితంలో ఉన్నవన్నీ అక్షరం పొల్లుపోకుండా చేశాం," అంది అత్తగారు. "ఉమ్మలేదు. పుక్కిలించలేదు. స్ట్రా పెట్టి తాగలేదు. ఐసు పెట్టాం. ఊదిందేమో ఊదిందేమోనని గంటగంటకీ చూస్తూనే ఉన్నాను. ఇంకేం చెయ్యాలి మేము?"

పెద్దాయన ఏదో చెప్పబోయి నోరు విప్పాడు. "మీరు... ఊరికే..." అన్నాడు. ఆ గొంతు విని నలుగురూ ఉలిక్కిపడ్డారు. మంద్రంగా గదంతా నిండే గొంతు ఆయనది. ఇప్పుడది సన్నగా, ముక్కులోంచి, పక్కింట్లోంచి వచ్చినట్టు వచ్చింది.

కోడలి మొహం మారిపోయింది.

"మాట్లాడకండి మామయ్యా. ఒక్క మాట కూడా." భర్త వైపు తిరిగింది. "కారు తియ్యండి. గాలి మెడ దాటి ఛాతీలోకి దిగితే గుండె చుట్టూ చేరుతుంది. అప్పుడు నా చేతిలోనే కాదు, ఎవరి చేతిలోనూ ఉండదు."

నీళ్ళు నమిలేవాడు తాళాలకోసం పరిగెత్తాడు.

అత్తగారు సంచి తీసింది. కళ్ళజోడు, ఫోను, మందుల కాగితం అందులో పడేసింది. పనిబల్ల మీద నూనెదీపం, టంకం ముక్కలు, ఊదుగొట్టం పొద్దున ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. వాటి పక్కన రుమాల్లో చుట్టిన చిన్న పొట్లం. కోడలి కంట పడకుండా దాన్ని కూడా సంచి అడుక్కి తోసేసింది. ఆ పొట్లం సంగతి మొగుడూ పెళ్ళాలిద్దరికే తెలుసు.

అందులో ఉన్నది కోడలి అద్దం. పళ్ళ వెనక చూడటానికి నోట్లో పెడతారే, సన్నటి కాడ ఉండే చిన్న గుండ్రటి అద్దం. చదువుకునే రోజుల నాటిది. వాడకపోయినా పారెయ్యలేక తన బల్ల మీద గ్లాసులో పెట్టుకుంటుంది. పోయిన వారం కిందపడి మెడ దగ్గర విరిగింది. కోడలు ఆ పూట సరిగా అన్నం తినలేదు. పెద్దాయన ఏమీ అనలేదు. మర్నాడు ఆ రెండు ముక్కలూ ఆ గ్లాసులోంచి మాయమయ్యాయి. అతికి, మళ్ళీ అదే గ్లాసులో పెట్టేసి, ఎప్పుడు కనిపెడుతుందో చూద్దామని ఆయన సరదా. ఆయన ఎవరికేమిచ్చినా అలాగే ఇస్తాడు.

*

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ముగ్గురూ మూడు చోట్ల కూర్చున్నారు. తల్లి ఈ చివర, కూతురు ఆ చివర, మధ్యలో కొడుకు. కోడలు కూర్చోలేదు. స్కానింగ్ గది తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

"రాసివ్వమను అన్నయ్యా," అంది కూతురు, వదినకి వినపడేలాగానే. "ఏ మెషీన్‌తో కోసిందో, ఎందుకు కోసిందో రాసి సంతకం పెట్టమను. రేపు నాన్నకేదైనా అయితే మాట మార్చదని ఏమిటి నమ్మకం? అలాంటి చేతుల్తో ఇంకొకరి నోట్లో వేలు పెట్టకూడదు. క్లినిక్ మూసేస్తే సరి."

"ఇప్పుడెందుకే అవన్నీ."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? నువ్వు అడగలేవు. నేనే అడుగుతాను."

"అడగక్కర్లేదు," అంది కోడలు గోడ దగ్గర్నుంచి. "డాక్టరుకి ఎలాగూ రాసివ్వాలి. రాస్తాను."

పైన ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒకచోట టక్కుమంటోంది. ఇంట్లో అయితే అత్తగారు అరిచైనా ఊపిరి పీల్చుకునేది. ఇక్కడ అరవడానికి లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, కొడుకు చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది.

తలుపు తీసుకుని డాక్టరు బయటికొచ్చాడు. నలభై దాటి ఉంటాయి. నిద్ర చాలని కళ్ళు. వెనకాలే చక్రాల మంచం మీద పెద్దాయన. ముక్కుకి ప్రాణవాయువు గొట్టం. ఆయన తిన్నగా భార్య వైపే చూశాడు. తెరుచుకున్న ఆ ఒక్క కన్నులో భయం కంటే సిగ్గే ఎక్కువుంది. తన మూలంగా ఇంతమంది ఇలా నిలబడాల్సి వచ్చిందని.

"పన్ను తీసింది ఎవరు?"

"నేను," అంది కోడలు.

"మీరు వీళ్ళ..."

"కోడల్ని."

డాక్టరు అందరి మొహాలూ చూసి, పరిస్థితి అర్థమైనట్టు చేతిలోని అట్ట మీద కాగితం సర్దుకున్నాడు.

"మీరు ఇంట్లో అనుకున్నది నిజమే. చెంపలోనూ మెడలోనూ గాలి నిండి ఉంది. ఈ ఫిల్ములో మెడ కింది దాకానే తీశాం. అక్కడి వరకూ కనిపిస్తోంది. డ్రిల్లు గాలే అయితే ఒకసారి వెళ్ళింది, అయిపోయింది. కొత్తగా వెళ్ళేదేమీ ఉండదు. నాలుగైదు రోజుల్లో ఒళ్ళే పీల్చేసుకుంటుంది. కానీ నాకొకటి అర్థం కావట్లేదు. నిన్న మధ్యాహ్నం డ్రిల్లు వాడితే, ఇవాళ పొద్దున వాచడమేమిటి? సాధారణంగా కుర్చీలో ఉండగానే తెలిసిపోతుంది."

"ఒక్కోసారి ఆలస్యంగా బయటపడుతుందని చదివాను."

"చదివారు. ఎప్పుడైనా చూశారా?"

"లేదు."

"ఈయన తర్వాతేమీ ఊదలేదు కదా? పిల్లల బుడగలు, బూరలు, అలాంటివి?"

"నగల పని ఈయనది. అతుకులు పెట్టేటప్పుడు నోటితో గొట్టం ఊది మంట మీదికి గాలి పంపుతారు," అంది కోడలు. "మా కాగితంలో అది ఉండదు, అందరూ చేసే పని కాదు కదా. అందుకే నిన్న విడిగా ఫోన్ చేసి చెప్పాను, పది రోజులు ఊదకూడదని. ఊదితే ప్రమాదమని."

"ఆయనకే చెప్పారా?"

"నోట్లో దూది ఉంది, మగతగా ఉన్నారు. అత్తయ్యతో చెప్పాను. గట్టిగా చెప్పమన్నాను." కోడలు వెనక్కి తిరగలేదు. "అత్తయ్య చెబితే ఆయన వింటారు. గొట్టం ముట్టుకుని ఉండరు. అది మాత్రం నేను ఖాయంగా చెప్పగలను."

అత్తగారి చేతులు సంచి మీద బిగుసుకున్నాయి.

నిన్న మధ్యాహ్నం రెండున్నర. ముందుగదిలోంచి రెండు గోడల ఇవతలికి ఫోను. వెనకాల ఏదో యంత్రం గీ పెడుతోంది. "అత్తయ్యా, మామయ్య పది రోజులు ఊదకూడదు. ఊదితే చాలా ప్రమాదం. గట్టిగా చెప్పండి" అంది కోడలు. "అలాగేనమ్మా, కనిపెట్టుకునే ఉంటాను" అంది తను. ఫోను పెట్టేసి నవ్వుకుంటూ వెనక గదిలోకి వెళ్ళింది.

"ఏవండోయ్, మీ దవడకి గట్టిగా చెప్పమంది డాక్టరమ్మ. పది రోజులపాటు ఊదకూడదట."

నోటినిండా దూదితో ఉన్న ఆ మనిషి తన దవడకేసి తనే చూపుడువేలు చూపించి బెదిరించాడు. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. ఆయనకి కుట్లు లాగి కళ్ళనీళ్ళొచ్చాయి.

ఆ ఇంట్లో కాలు బెణికినా ఊదుతుంది, కందిరీగ కుట్టినా ఊదుతుంది, ఎక్కువ పడుకుంటే మొహం ఊదుతుంది. ఐదేళ్ళుగా కోడలి నోట అదెప్పుడూ వాపే. కాలు వాచింది, చెయ్యి వాచింది, చిగురు వాచింది. ఊదడమంటే ఆ పిల్లకి ఒక్కటే, నోటితో ఊదడం. ఐదేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో పక్కపక్కన నిలబడి ఆ సంగతి గమనించనేలేదు అత్తగారు.

సాయంత్రం దూది తీసేశాక ఆయన దీపం వెలిగించాడు. కొడుకు వాడే గ్యాసు మంటైతే క్షణంలో పనైపోయేది. కానీ అది పెద్ద మంట, అద్దం మాడిపోతుంది. సూదిమొనంత మంట కావాలంటే నోరే దిక్కు అన్నాడు. అద్దానికి తడిగుడ్డ చుట్టి పట్టుకుంది ఎవరు? తనే. అరగంట ఊదాడు, టంకం కరగలేదు. "ఊదిందా?" అని చెంప చూపించాడు. "లేదు లేదు, బ్రహ్మాండంగా ఉంది" అంది. ఇవాళ పొద్దున ఏడున్నర నుంచి ఇంకో అరగంట. ఈసారి కరిగింది. మళ్ళీ చెంప చూపించాడు. మళ్ళీ చూసి, లేదంది.

అత్తగారు కూతురి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. పొద్దుటినుంచి తను అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఏం చేశావమ్మా ఆయన్ని? నీ మీద నమ్మకంతో నోరు తెరిచినందుకు. ఆ మాటలన్నీ ఇప్పుడు వెనక్కి తిరిగి తన మీదికే వస్తున్నాయి. చెప్పాలి. చెప్పాలని నాలుక దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"సరే," అన్నాడు డాక్టరు. "అయితే డ్రిల్లు గాలే అనుకోవాలి. మీరేం చేశారో రాసివ్వండి."

కోడలు అట్ట అందుకుంది. గోడకి ఆనించి రాసింది. పొట్టిగా, తడబడకుండా రాసింది. వాడాల్సిన మెషీన్ వాడలేదని రాసింది. కారణం అదేనని రాసింది.

అత్తగారు చూస్తూనే ఉంది. పెన్ను చివరి లైను దాకా వెళ్ళింది. ఇప్పుడు చెప్పాలి. పెన్ను కిందికి దిగింది. ఇప్పుడు. కోడలు సంతకం పెట్టేసింది.

"ఒక ఫోటో తీసుకుంటాను," అంటూ కూతురు కాగితం అందుకుంది. ఫోటో తీసుకుని కూడా తిరిగి ఇవ్వలేదు.

డాక్టరు నర్సు వైపు తిరిగాడు. "కొత్తగా గాలి వెళ్ళే కారణమేమీ లేదు కాబట్టి ఛాతీ స్కానింగ్ అక్కర్లేదు. వార్డుకి తీసుకెళ్ళండి. సాయంత్రం చూద్దాం."

మంచం కదిలింది. చక్రాలు కిర్రుమన్నాయి. పెద్దాయన తల పక్కకి వాల్చి భార్య వైపే చూస్తూ వెళుతున్నాడు. గుండె చుట్టూ చేరుతుంది అన్న మాట అత్తగారి చెవుల్లో గింగిరాలు తిరిగింది.

"ఆగండి!"

వరండా అంతా ఆగింది.

"ఆయన ఊదారు," అంది.

"అమ్మా," అంది కూతురు విసుగ్గా, "నాన్న ఊదారని మాకూ కనిపిస్తూనే ఉందిగా. పొద్దుటినుంచి అందుకే కదా ఏడుస్తున్నాం."

అదే మాట. అదే తప్పు. తను కన్న కూతురి చెవికి కూడా ఆ మాట అలాగే వినిపించింది. అత్తగారికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆవిడకే తెలియలేదు.

"గొట్టం! గొట్టం ఊదారు. నిన్న సాయంత్రం అరగంట, ఇవాళ పొద్దున అరగంట. నేను పక్కనే ఉన్నాను. ఊదకూడదంటే వాపు రాకూడదనుకున్నాను. ఆయనకీ అలాగే చెప్పాను."

కొడుకు లేచి నిలబడ్డాడు. కూతురు మాత్రం నమ్మలేదు. "వదిన్ని కాపాడాలని అంటున్నావు. ఇంటి పరువు పోతుందని. పొద్దున్నుంచి లేనిది ఇప్పుడెక్కడినుంచి వచ్చింది ఈ గొట్టం?"

డాక్టరు మంచం దగ్గరికి వెళ్ళాడు. "మాట్లాడకండి. తలూపితే చాలు. పన్ను తీయించుకున్నాక గొట్టం ఊదారా?"

పెద్దాయన డాక్టరు వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు. ఆవిడ మొహంలో ఏం కనిపించిందో, ఎవరి మీద ఏం పడబోతోందో అంతా ఒక్క కంటితోనే చదివేసుకున్నాడు. లేదన్నట్టు అడ్డంగా తలూపాడు.

జీవితంలో రవ్వంత బంగారానికి కూడా అబద్ధమాడని మనిషి. భార్య కోసం ఆడాడు. ఆ అబద్ధం ఎవరి నెత్తిన పడుతుందో ఆయనకి తట్టలేదు. తట్టినా ఆ నిమిషంలో లెక్కలోకి రాలేదు.

"చూశావా?" అంది కూతురు.

అత్తగారు సంచి బెంచీ మీద బోర్లించింది. కళ్ళజోడు కిందపడింది. ఫోను పడింది. అన్నిటికంటే ఆఖరున రుమాలు పొట్లం పడింది. విప్పి కోడలి చేతిలో పెట్టింది.

"ఇది అతకడానికమ్మా. నీకోసం."

కోడలు ఆ అద్దాన్ని అటూ ఇటూ తిప్పింది. కాడ మీద బొటనవేలు నెమ్మదిగా జరిపింది. ఎక్కడ విరిగిందో వేలికి తగల్లేదు. అద్దం ఎక్కడా మాడలేదు, మసకబారలేదు. మంచం దగ్గరికి వెళ్ళి వంగింది.

"మామయ్యా, ఇది గ్యాసు మంటతో అయ్యే పని కాదు. నాకు తెలుసు."

పెద్దాయన కన్ను మూసుకున్నాడు. ఆ మూసుకున్న కన్ను అంచునుంచి నీళ్ళు జారి చెవిలోకి పోయాయి. మెల్లగా, నిలువుగా తలూపాడు.

"స్కానింగ్ గది తెరవండి," అని డాక్టరు నర్సు మీద కేకేశాడు. "ఛాతీ తియ్యాలి. ఇప్పుడే. గంటసేపు ఊదారంటే ఎక్కడిదాకా దిగిందో ఏమిటో."

మంచం వెనక్కి తిరిగింది. కొడుకు ఒక పక్క పట్టుకున్నాడు. కూతురు కాగితం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దాన్ని చింపాలో దాచాలో తెలియనట్టుంది. ఇమ్మని ఎవరూ అడగలేదు.

కోడలు మంచం వెంట రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి అత్తగారి దగ్గరికొచ్చింది. కళ్ళలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"మాట తప్పుగా వినడం తప్పు కాదు అత్తయ్యా. నేనే గొట్టం అని విప్పి చెప్పాల్సింది. కానీ ఒకటి చెప్పండి. ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అనొచ్చు. మంచం కదిలినప్పుడు తట్టింది అనొచ్చు. నమ్మేస్తుంది కూడా. అత్తగారు చెబితే ఆయన వింటారని పరాయి మనిషి ముందు నిలబడి చెప్పిన పిల్ల ఇది.

అత్తగారు కోడలి చేతిలోని అద్దం వైపు చూసింది.

"నువ్వు సంతకం పెట్టకముందే," అంది.

కోడలు తలూపింది. అద్దాన్ని తెల్లకోటు జేబులో పెట్టుకుని, స్కానింగ్ గది వైపు నడిచింది. ఆమె వెనకాలే తలుపు మూసుకుంది.